రోహిణి కార్తెలో, కవరుతో సహా పాతేశారు

పొద్దున విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మొక్కలు నాటి పర్యావరణ దినోత్సవం జరిపారు. అందరూ వెళ్లిపోయాక ఒక మొక్కని పట్టుకుని కాస్త కదిపితే, నర్సరీ నల్ల కవరుతో సహా పైకి లేచింది. పక్కదీ అంతే. దాని పక్కదీ అంతే. కవరు విప్పకుండా గోతిలో దించి, పైన మట్టి కప్పి, ఫొటో దిగి వెళ్లిపోయారు. ఒళ్లు మండిపోతోంది.

కవరే కదా అని తీసిపారేయకండి. ఆ నల్ల కవరుకి పక్కన ఉండే చిల్లులు నీళ్లు కారడానికే, వేరు బయటికి రావడానికి కాదు. తల్లివేరు అడుగుకి దిగి, దారి దొరక్క అక్కడే గుండ్రంగా చుట్టుకుంటుంది. పైన రెండు చిగుళ్లు వేస్తుంది కాబట్టి మొక్క బతికిందనే అనుకుంటాం. కవరు చిరిగి ఎలాగోలా పెరిగినా ఆ చుట్ట విప్పుకోదు. వేరు లావెక్కేకొద్దీ ఒకదాన్నొకటి నొక్కేసుకుంటాయి. పదేళ్ల చెట్టు చూడ్డానికి బాగానే ఉంటుంది, కింద పట్టు మాత్రం ఉండదు. పెద్ద గాలి వచ్చిన రోజు ముందు ఒరిగేది అదే, కింద కారు ఉందా మనిషి ఉన్నాడా చూడదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను గంటకి 170, 180 కిలోమీటర్ల గాలితో మన నెత్తి మీదుగా వెళ్లింది. ఆ ఊరికి వేరు సంగతి వేరే చెప్పాలా?

ఇక తేదీ. జూన్ 5 ఎక్కడి నుంచి వచ్చింది? 1972లో స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి సదస్సు ఆ రోజు మొదలైంది, అందుకని. స్వీడన్‌లో సదస్సుకి మంచి రోజు కావచ్చు, మన మట్టికి మాత్రం అది రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ అని మన తాతలు ఊరికే అనలేదు. నైరుతి ఇటు రావడానికి మామూలుగా జూన్ రెండో వారం అవుతుంది. మృగశిరకి మూడు రోజులు ఆగితే పోయేదేముంది? అప్పటి కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ 1950లో వనమహోత్సవం మొదలుపెట్టినప్పుడు జులై మొదటి వారం ఎంచుకున్నారు, నేల తడిసి ఉంటుంది కాబట్టి. జూన్ 5న చెయ్యాల్సిన పని ఒకటుంది: నెల ముందు తవ్వి ఎండబెట్టిన గోతులు నింపి సిద్ధంగా పెట్టుకోవడం. అది ఫొటోకి పనికిరాదు, అందుకే ఎవరూ చెయ్యరు.

గొయ్యి రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. పొద్దున తవ్వినవి జానెడు కూడా లేవు. మన కొండవాలు కాలనీల్లో కింద ఉన్నది ఖోండలైట్ రాయి చివికిన ఎర్ర గ్రావెల్, ఎండితే గునపం దిగదు. అందులో చిన్న గొయ్యి తీస్తే అది కుండీ అయిపోతుంది. వానాకాలంలో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది, ఎండాకాలంలో వేరు గోడకి తగిలి వెనక్కి తిరుగుతుంది. తవ్వేటప్పుడు పైమట్టి ఒక పక్క, అడుగు మట్టి ఒక పక్క వెయ్యాలి. నింపేటప్పుడు పైమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు పది కిలోలు, వేపపిండి అరకిలో కలిపి కిందికి వెయ్యాలి. పచ్చి పేడ వేస్తే చెదలు మీరే పిలిచినట్టు.

అన్నిటికంటే మండింది ఇది. "చెట్లను కాపాడుదాం" అని రాసిన ఫ్లెక్సీని పక్కనున్న పెద్ద కానుగ చెట్టుకి మేకులు కొట్టి, ఇనప తీగ బిగించి కట్టారు. ఆకులో తయారైన ఆహారం వేళ్లకి దిగేది బెరడు లోపలి పొరలోంచే. తీగ వదిలేస్తే కాండం లావెక్కి తీగ లోపలికి కోసుకుపోతుంది, కింద వేరు పస్తు పడుకుంటుంది. పైగా 100 మైక్రాన్ల కంటే పల్చటి పీవీసీ బ్యానర్లు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. కొలిచే అధికారి ఎవరో ఒకరు అక్కడే నిలబడి ఉండాలి కదా!

ఆ కానుగ మొదట్లో సిమెంటు పలకలు కాండానికి అంటించేశారు. వేరుకి గాలి లేదు, వాన నీరు దిగే సందు లేదు. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసెయ్యమని పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే చెప్పింది. ఇక్కడ ఫుట్‌పాత్ వేసే ప్రతిసారీ అదే తప్పు. నలభై ఏళ్ల చెట్టుకి మీటరు నేల వదల్లేని వాళ్లం కొత్త మొక్కల లెక్కలు చెప్పుకుంటున్నాం.

లెక్కలంటే హుద్‌హుద్ తర్వాత సంగతి గుర్తొస్తుంది. పడిపోయిన పచ్చదనం తొందరగా తెప్పించాలని వీధి వీధినా ఏడాకుల చెట్లు నింపేశారు. ఎందుకో తెలుసా? గబగబా పెరుగుతుంది, పాలు కారతాయి కాబట్టి మేకలు, ఆవులు ముట్టవు, ఎవరూ పట్టించుకోకపోయినా బతుకుతుంది. అంటే మనం చూసుకోలేమని ముందే ఒప్పుకుని చెట్టుని ఎంచుకున్నామన్నమాట. ఇప్పుడు దసరా దాటాక ఏటా రాత్రిళ్లు ఆ పూల ఘాటుకి తలనొప్పి, ఆయాసం అంటూ జనం కిటికీలు మూసుకుంటున్నారు. చెట్టుది తప్పు కాదు. అడవిలో అక్కడొకటి ఇక్కడొకటి ఉండే చెట్టుని వరసగా ఇంటి గుమ్మాల ముందు నాటిన వాళ్లది. కోనోకార్పస్ అనే విదేశీ చెట్టుదీ అదే కథ. గుజరాత్ 2023లో దాన్ని నాటొద్దని ఆపేసింది. మన గాలికి, ఉప్పుకి పొన్న ఉంది, కానుగ ఉంది, పొగడ ఉంది. కాస్త లోపలికి వేప, నేరేడు ఉన్నాయి. నెమ్మదిగా పెరుగుతాయి, మూడేళ్లు చూసుకోవాలి. ఆ మూడేళ్ల నీళ్ల ఖర్చే ఎవరూ పెట్టరు. నాటినందుకు కాదు, మూడో వేసవి దాటి బతికిన చెట్టుకే బిల్లు చెల్లించండి, అప్పుడు నాటేవాడే కవరు విప్పుతాడు.

ఎంవీపీలో ఉండే వాళ్లకి: ఇవాళ సాయంత్రమే వెళ్లండి, ఆ మొక్కలు ఇంకా దక్కుతాయి. గునపం, బ్లేడు, బకెట్ నీళ్లు చాలు. ముందు కాసిని నీళ్లు పోసి అరగంట ఆగండి, మట్టిగడ్డ రాలదు. కాండం పట్టి లాగొద్దు, చుట్టూ వదులు చేసి అడుగున చెయ్యి పెట్టి ఎత్తండి. కవరుని రెండు పక్కలా నిలువుగా కొయ్యండి. అడుగున చుట్టుకున్న వేరుని ఒక అంగుళం మేర కోసెయ్యండి, భయపడొద్దు, కొత్త వేరు నేరుగా దిగుతుంది. గొయ్యి పెంచి, కవరులో మట్టి ఎంతవరకు ఉందో అంతవరకే పూడ్చండి, కాండం కప్పేస్తే కుళ్లుతుంది. పక్కన కర్ర పాతి కొబ్బరి తాడుతో ఎనిమిది అంకెలా వదులుగా కట్టండి. పాదు మొదలుకి జానెడు దూరంగా చెయ్యండి, వానలు పడేదాకా రోజు విడిచి రోజు బకెట్ నీళ్లు, మీద ఎండుటాకులు. కానుగకి కట్టిన తీగ తెంపడానికి కటింగ్ ప్లేయర్ కూడా పట్టుకెళ్లండి. కోసిన కవర్లు అక్కడ పడెయ్యొద్దు, వాన వస్తే గెడ్డలోకి, అంటే వాగులోకి, గెడ్డలోంచి బీచ్‌కి పోతాయి.