నడవడానికి కారు కావాలి

పాత కట్టడాలు చూస్తూ తిరిగే వారసత్వ నడక అనే ఘనకార్యానికి మా హైదరాబాదీలు పాటించే పద్ధతి ఒకటుంది. ముందు కారు తీయాలి. మణికొండలో బయల్దేరి, అఫ్జల్‌గంజ్ దాటి, నయాపూల్ మీద ఇంజిన్ ఆపుకుని కాసేపు మూసీని వాసన చూసి, పత్తర్‌గట్టిలో పార్కింగ్ కోసం ప్రదక్షిణలు మొదలుపెట్టాలి. చార్మినార్ కనబడగానే పిల్లలు కేరింతలు కొడతారు, మళ్లీ అదే చార్మినార్ వచ్చేసరికి నిద్రపోతారు. "నేను ముందే చెప్పానా" అని ఆవిడ, "గాజులన్నది నువ్వే కదా" అని ఆయన. చివరికి కారు అద్దంలోంచే ఒక ఫొటో తీసి, అందులో సగం ఎవరిదో డీసీఎం వ్యాను వెనక భాగమైనా సరే, స్టేటస్ పెట్టేసి గచ్చిబౌలి వెళ్లి ఇరానీ చాయ్ తాగుతారు. చార్మినార్ చుట్టూ పాదచారుల ప్రాజెక్టంటూ ఏళ్ల తరబడి రాళ్లు పరిచింది ఎవరి పాదాల కోసమో!

రైలుంది కదా అంటే మొహం అదోలా పెడతారు. ఉందండీ, ఇరవయ్యేళ్ల పైనుంచీ ఉంది. కాచిగూడలో 5 రూపాయల టికెట్ కొని ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి డబీర్‌పురాలో దిగండి. పాత నగరం గోడకి ఒకప్పుడు 13 దర్వాజాలుంటే మిగిలినవి రెండే, పురానాపూల్‌ది ఒకటి, ఇక్కడిది ఒకటి. అక్కణ్నుంచి మొహర్రం ఊరేగింపు బయల్దేరే బీబీ కా అలావా, ఆ పైన ఆరో నిజాం బట్టల బీరువా ఒక హాలు పొడుగునా సాగే పురానీ హవేలీ, తర్వాత మీర్ ఆలం మండీలో కూరగాయల బేరాలు, ఆ వరసనే చార్మినార్. అన్నీ నడిచే దూరమే. స్టేషన్ బయట దారి చూపే బోర్డు మాత్రం నా కంటికి ఆనలేదు. ఆటో అన్నని అడిగితే "రైల్ సే ఆయే? కైకు సాబ్?" అని జాలిపడ్డాడు.

ఆయన జాలిలో తప్పులేదు. ఆ రైలు ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో లేదో ప్లాట్‌ఫాం మీద కుక్కకి కూడా తెలీదు. మెట్రో 2017లో మొదలైంది. ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి పాత నగరం మీదుగా ఫలక్‌నుమా దాకా ఐదున్నర కిలోమీటర్లు మొదటి ప్లాన్‌లోనే ఉన్నాయి, మిగతా ఊరంతా కట్టి ఆ ముక్క మాత్రం వదిలేశారు. 2024 మార్చిలో ఫలక్‌నుమాలో దానికి శంకుస్థాపన చేశారు. కొబ్బరికాయలకి మన దగ్గర ఏనాడూ కొరత లేదు.

టూరిస్టుల సంగతి గంగలో కలవనివ్వండి. యాకుత్‌పురా స్టేషన్‌లో పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడే అమ్మాయిలున్నారు, హైటెక్ సిటీలో ఉద్యోగం, నిమిషం ఆలస్యమైతే సగం పూట జీతం కట్. రైలు రద్దని మైకులో చల్లగా చెప్పేసి ఊరుకుంటారు. వాళ్లు మెట్లెక్కి బయటికి పరిగెత్తి షేర్ ఆటో పట్టుకుని, అది దిగి ఇంకోటెక్కాలి. ఆ డబ్బులు ఎవడిస్తాడు? నడకలకి రిబ్బన్లు కత్తిరించే పెద్దమనిషి ఇస్తాడా?