మాట్రిక్ గారికి ఒక శాలువా బాకీ

మనకి సన్మానాల కరువు లేదు. కాలనీ బోరు బాగు చేయించిన ప్రెసిడెంటుకి శాలువా కప్పుతాం, అదే బోరు మళ్లీ చెడిపోతే కొత్త ప్రెసిడెంటుకీ కప్పుతాం. ఇంత ధారాళమైన జాతి డాన్ మాట్రిక్ అనే కెనడా పెద్దమనిషిని ఇన్నాళ్లూ పట్టించుకోకపోవడం ఏం న్యాయమో నాకర్థం కాదు. టీవీకి తగిలించి గేములాడుకునే డబ్బా ఒకటుంది, పేరు ఎక్స్‌బాక్స్. 2013లో మైక్రోసాఫ్ట్ వారి ఆ వ్యాపారానికి పెద్ద తలకాయ ఈయనే. గేమర్లంతా కులమత ప్రాంత భేదాలు మరిచి ఒకే గొంతుతో తిట్టింది కూడా ఈయన్నే. ఆ సమైక్యతకైనా ఒక శాలువా కప్పొచ్చు.

సన్మానపత్రం ఆనవాయితీ ప్రకారం ముందు పుట్టుపూర్వోత్తరాలు. 1982లో, పదిహేడేళ్ల వయసులో, స్నేహితుడితో కలిసి గేముల కంపెనీ పెట్టాడు. 1991లో దాన్ని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ (ఈఏ) అనే పెద్ద గేముల కంపెనీ కొనుక్కుంది. అదే పెరిగి పెద్దదై ఈఏ కెనడా అయింది. ఫీఫా ఫుట్‌బాల్, నీడ్ ఫర్ స్పీడ్ కార్ల రేసు ఆ గూటి పిట్టలే. ట్యూషన్‌కని చెప్పి నెట్ సెంటర్‌కెళ్లి, గంటకింతని కట్టి, కొత్త కారుని గోడకేసి కొట్టిన నా తరం వాళ్లంతా ఈయనకి ఎంతో కొంత రుణపడి ఉన్నారు.

2007లో మైక్రోసాఫ్ట్‌కి వచ్చాడు. 2010లో కినెక్ట్ అనే కెమెరా వదిలాడు. చేతిలో రిమోటు లేకుండా టీవీ ముందు గెంతడం దాని ఉద్దేశం. తొలి 60 రోజుల్లో 80 లక్షలు అమ్ముడై గిన్నిస్ రికార్డుకెక్కింది. దాని ప్రారంభోత్సవానికి సర్కస్ బృందాన్ని పిలిచి, వచ్చిన విలేకరులందరికీ తల మీంచి వేసుకునే తెల్లటి పొంచోలు తొడిగారు. వాటి భుజాలు మెరుస్తుంటాయి. ఆ అవతారంలో కూర్చుని నోట్సు రాసుకున్నారు పాపం. అంటే ఈయనకి శాలువాలు కప్పించడం తెలుసు, కప్పించుకునే యోగమే లేకపోయింది.

ఇక అసలు ఘట్టం. 2013 జూన్ 6న, రాబోయే కొత్త డబ్బా ఎక్స్‌బాక్స్ వన్ నియమావళి బయటికొచ్చింది. డబ్బా 24 గంటలకొకసారి ఇంటర్నెట్‌లో హాజరు వేయించుకోవాలి, లేదంటే గేములు ఆడనివ్వదు. కరెంటు కోతలతో మనం విసనకర్రలు ఊపుకుంటున్న రోజులవి. అయినా మన బీపీ పెరగాల్సిన పని లేదు. తొలి విడత 21 దేశాల జాబితాలో అసలు ఇండియానే లేదు. మనకి అమ్మకానికే పెట్టని డబ్బా మీద, లేని నెట్ గురించి మనవాళ్లు ఫేస్‌బుక్‌లో చేసిన ధర్మపోరాటం మాత్రం చిరస్మరణీయం.

నాకు బాగా నచ్చింది ఇంకో నియమం. కొన్న గేమును స్నేహితుడికి ఇచ్చేయొచ్చు, కానీ ఆ స్నేహితుడు మీ ఫ్రెండ్స్ లిస్టులో కనీసం 30 రోజుల పాటు ఉండి ఉండాలి. పైగా ఒక గేము ఒక్కసారే చేతులు మారుతుంది. అదీ గేము చేసిన కంపెనీ సరేనంటేనే! పెళ్లిచూపుల్లో కూడా ఇంత విచారణ ఉండదు. ఒకే కంచంలో తిని పెరిగిన మేనమామ కొడుకైనా సరే, లిస్టులోకి నిన్ననే చేరితే ఇంకో 29 రోజులు అరుగు మీద కూర్చోవాల్సిందే.

ముహూర్తం పెట్టిన పంతులెవరో గానీ ఆయన్నీ సన్మానించాలి. సరిగ్గా ఆ జూన్ 6నే, రహస్య పత్రాలు బయటపెట్టిన స్నోడెన్ పుణ్యమా అని, నెట్ కంపెనీల నుంచి జనం సమాచారం తోడే అమెరికా నిఘా సంస్థ ప్రిజమ్ కార్యక్రమం గుట్టు రట్టయింది. అందులో మైక్రోసాఫ్ట్ పేరుంది. ఎక్స్‌బాక్స్ వన్‌కేమో కినెక్ట్ కెమెరా తగిలించి తీరాలన్న షరతుంది. లుంగీ మీద హాల్లో తిరిగే మగవాళ్లకి ఇంతకంటే దుర్వార్త ఏముంటుంది?

నెట్ లేనివాళ్ల గతేంటని మాట్రిక్‌ని అడిగితే, వాళ్ల కోసం మా దగ్గర వేరే సరుకుంది, దాని పేరు ఎక్స్‌బాక్స్ 360 అన్నాడు. ఎనిమిదేళ్ల నాటి డబ్బా. అణు జలాంతర్గామిలో ఉండేవాళ్ల మీద కూడా, అక్కడ కనెక్షన్ దొరకడం కష్టమేనని సానుభూతి ప్రకటించాడు. మన నాయకులైతే "పరిశీలిస్తాం" అని కమిటీ వేసేవారు. ఈయనకి ఆ లౌక్యం లేదు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా, జనం భగ్గుమన్నారు.

ప్లేస్టేషన్ అనే పోటీ డబ్బా అమ్మే సోనీ వాళ్లు పెద్దగా కష్టపడలేదు. ఒకాయన ఇంకొకాయన చేతికి గేము డబ్బా అందించాడు, అందుకున్నాయన థాంక్స్ చెప్పాడు. అర నిమిషం కూడా లేని వీడియో. ప్లేస్టేషన్‌లో గేమును పంచుకునే విధానం ఇదేనన్నారు. పైగా ఎక్స్‌బాక్స్ 499 డాలర్లయితే వీళ్లది 399. జూన్ 19న మాట్రిక్ ఆ హాజరు నియమాన్నీ, గేముల మార్పిడి ఆంక్షల్నీ వెనక్కి తీసుకున్నాడు. కుటుంబంలో పదిమంది ఒకే గేముల గుట్టను పంచుకునే మంచి సదుపాయం ఒకటుండేది, దాన్నీ అదే ఊపులో గంగలో కలిపాడు. జులై 1కల్లా, ఫేస్‌బుక్‌లో పొలం దున్నించే ఫార్మ్‌విల్ గేము వారి జింగా కంపెనీకి అధిపతిగా వెళుతున్నట్టు ప్రకటన వచ్చేసింది. అక్కడా రెండేళ్లు నిండలేదు, అది వేరే కథ.

ఆయన్ని నేను వెనకేసుకు రావడం లేదు. ఆటల డబ్బా ఆవిష్కరణకి పిలిచి టీవీ చానళ్లు మార్చి చూపించడం తప్పే. వద్దన్నవాళ్లకీ కెమెరా అంటగట్టడం ఇంకా పెద్ద తప్పు. ప్లేస్టేషన్ 4 తమ డబ్బాకి రెట్టింపు కంటే ఎక్కువే అమ్ముడైందని మైక్రోసాఫ్టే తర్వాత బ్రెజిల్ నియంత్రణ సంస్థకి రాసిచ్చింది.

కానీ తర్వాతి పదేళ్ల ముచ్చట చూడండి. 2014 ఫిబ్రవరిలో మన హైదరాబాద్ సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టారు. ఆ వెంటనే ఎక్స్‌బాక్స్ కుర్చీలో ఫిల్ స్పెన్సర్ కూర్చున్నారు. 2017లో గేమ్ పాస్ వచ్చింది: నెలనెలా అద్దె, మానేస్తే తాళం. 2019లో డిస్కు పెట్టే సందే లేని ఎక్స్‌బాక్స్ వచ్చింది. ఆ థాంక్స్ చెప్పిన సోనీ వాళ్లు కూడా 2020లో డిస్కు లేని ప్లేస్టేషన్ 5 అమ్మారు. 2024లో యూబీసాఫ్ట్ అనే గేముల కంపెనీ వారు ద క్రూ అనే కార్ల గేము సర్వర్లు ఆపేస్తే, డబ్బు పోసి కొన్నవాళ్ల గేము ఇంట్లోనే ఉండి పనికిరాకుండా పోయింది. మీరు కొంటున్నది గేము కాదు, లైసెన్సు అని ముందే చెప్పి తీరాలని కాలిఫోర్నియా చట్టమే చేసుకోవాల్సి వచ్చింది. ఇంకో ఆటల డబ్బా కంపెనీ నింటెండో వాళ్లు 2025లో, గేమును ఒకే కుటుంబ గ్రూపులో ఉన్నవాళ్లకి రెండు వారాలు అరువివ్వొచ్చని వరం ప్రసాదిస్తే జనం చప్పట్లు కొట్టారు. మాట్రిక్ 30 రోజుల స్నేహమే అడిగాడు, వీళ్లు ఏకంగా చుట్టరికం అడుగుతున్నారు!

శాలువా ఖర్చు నేనే పెట్టుకుంటాను, నాకు సొంత కారణం కూడా ఉంది. 2009లో మా పక్కింటివాడు నా ఫీఫా డిస్కు రెండ్రోజుల్లో ఇస్తానని పట్టుకెళ్లాడు. బనీనుతో తుడిచి, కవర్లో పెట్టి, గీతలు పడనివ్వకురా అని మరీ చేతికిచ్చాను. మాట్రిక్ గారి లెక్క ప్రకారం ఎవరికిచ్చానో రికార్డయినా ఉండేది. ఈ వ్యాసం రాస్తూ వాడికి ఫోన్ చేశాను.

"ఏ డిస్కురా?" అన్నాడు.