ఆ గుడ్డ ఎండలో ఆరాలి

పోయిన ఆదివారం పొద్దున హన్మకొండలో ఒక ఇంటి మేడ మీదికి వెళ్లాం. రేకుల షెడ్డు కింద ఐదు కుట్టు మిషన్లు, రెండు కాలితో తొక్కేవి, మూడింటికి మోటర్లు బిగించారు, కింద చాపల మీద కూర్చుని చాక్‌తో గీతలు గీసేవాళ్లు, కోసేవాళ్లు, ప్రెస్ బటన్లు కొట్టేవాళ్లు, ఎవరి పనిలో వాళ్లు మునిగిపోయి ఉన్నారు. రిటైరైన టీచరమ్మ ఒకరు, బ్యాంకులో పనిచేసే అమ్మాయిలు ఇద్దరు, డిగ్రీ పిల్లలు కొందరు, బ్లౌజులు కుట్టి ఇల్లు నడుపుకునే అక్క ఒకామె. ఆ అక్క షాపు బంద్ పెట్టి వచ్చింది, అంటే ఆ రోజు సంపాదన వదులుకుని వచ్చింది. వీళ్లంతా కుడుతున్నది ఆడపిల్లలు పీరియడ్స్ టైంలో వాడుకునే గుడ్డ ప్యాడ్లు, ఉతుక్కుని మళ్లీ మళ్లీ వాడుకునేవి. ములుగు, భూపాలపల్లి వైపు బళ్లకు, గూడేలకు వెళ్తాయి ఇవి.

చూడ్డానికి చిన్న పనే అనిపిస్తుంది, దగ్గర కూర్చుంటే తెలుస్తుంది ఎంత ఆలోచన ఉందో. ప్యాడ్ రెండు ముక్కలు. కింది కవరుకు రెండు పక్కల రెక్కలుంటాయి, వాటిని లోబట్ట చుట్టూ తిప్పి ప్రెస్ బటన్ పెట్టుకోవాలి, ఆ కవరు మధ్యలో రెయిన్‌కోటు లాగా తడి దిగనివ్వని పొర ఒకటి, పీయూఎల్ అంటారు దాన్ని. పైన పెట్టుకునేది ఫ్లానెల్ గుడ్డ, చిన్నపిల్లల చొక్కాలకు వాడే మెత్తటి కాటన్, దాన్ని మూడు మడతలు పెట్టి కవరుకు రెండు కొసల్లో ఉన్న చిన్న జేబుల్లోకి దోపితే కదలదు. అసలు తెలివంతా ఈ మడత గుడ్డలోనే ఉంది. విప్పితే జేబురుమాలు లాగా పల్చగా చతురస్రంగా ఉంటుంది, సబ్బు నురగంతా వదిలిపోతుంది, తొందరగా ఆరుతుంది, దండెం మీద వేస్తే అదేంటో ఎవరికీ తెలియదు. ముదురు రంగు పూల డిజైన్లే తీసుకుంటారు, మరక కనపడకుండా. ఫ్లానెల్ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది కాబట్టి కోయడానికి ముందే ఒకసారి ఉతికి ఆరేస్తారు. ఒక డిగ్రీ అమ్మాయి స్పీడుగా కుట్టేస్తుంటే బ్లౌజులు కుట్టే అక్క మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. "బిడ్డా ఉరికియ్యకు, ఆ అంచు కాడ కుట్టు గట్టిగ లేకుంటే రెండు ఉతుకులకే ఊడొస్తది, బళ్లె ఊడితే ఆ పిల్ల ఏం కావాలె?" అంది. ఆ అమ్మాయి మారు మాట్లాడకుండా కుట్టంతా విప్పి మళ్లీ మొదలుపెట్టింది.

ఇలాంటి ప్యాడ్లు నాలుగైదు, లోబట్టలు రెండు, సబ్బు, తడిసినవి ఇంటిదాకా తెచ్చుకోవడానికి జిప్ కవరు, అన్నీ పట్టే గుడ్డ సంచీ, ఇదీ కిట్టు. జాగ్రత్తగా వాడితే రెండు మూడేళ్లు వస్తుంది. ఈ పద్ధతి మన దగ్గర పుట్టింది కాదు. 2008లో కెన్యాలో ఒక అనాథాశ్రమంలో పిల్లలు పీరియడ్స్ వస్తే గదిలోంచి బయటికి రాకుండా అట్టముక్కల మీద కూర్చుంటున్నారని తెలిసి అమెరికా ఆవిడ సెలెస్ట్ మెర్జెన్స్ మొదలుపెట్టిన పని అది, డేస్ ఫర్ గర్ల్స్ అనే సంస్థ అయింది. వాళ్లు కూడా మొదట వాడి పారేసే ప్యాడ్లే పంపారు, తీరా పంపాక పిల్లలకు వాటిని పారేసే చోటు లేదు, అప్పుడు ఉతుక్కునే వాటి వైపు తిరిగారు. మన దేశంలో గూంజ్ సంస్థ వాడిన కాటన్ బట్టల్నే శుభ్రం చేసి ప్యాడ్లుగా మార్చి ఇచ్చే పని ఎన్నో ఏళ్లుగా చేస్తోంది.

ఇప్పుడు చాలామంది అడిగే మాట ఒకటుంది, కిరాణా షాపులో కూడా ప్యాడ్లు దొరుకుతున్న రోజుల్లో మళ్లీ గుడ్డ దగ్గరికి పోవడం ఏంటి అని. న్యాయమైన ప్రశ్నే. 2011 నుంచి ఆశా వర్కర్ల ద్వారా ఆరు ప్యాడ్ల ప్యాకెట్ 6 రూపాయలకు ఇచ్చే కేంద్రం స్కీమ్ ఉంది, 2018 జులైలో ప్యాడ్ల మీద జీఎస్టీ పూర్తిగా తీసేశారు, 2019 ఆగస్టు నుంచి జన ఔషధి షాపుల్లో, అంటే తక్కువ ధరకు మందులమ్మే సర్కారు స్కీమ్ షాపుల్లో, ప్యాడ్ రూపాయికే ఇస్తున్నారు. ఇవన్నీ మంచివే, కానీ ఏటూరునాగారం అవతల అడవిలో ఉన్న గుత్తికోయ గిరిజనుల గూడెంలో ఉండే పిల్లకు జన ఔషధి షాపు ఎంత దూరం? వానాకాలంలో వాగు పొంగితే ఆశా అక్క ఎట్లా వస్తుంది? పత్తి ఏరే కాలంలో అమ్మతో పాటు చేనులో ఉండే పిల్లకు షాపు తీసి ఉండే టైంకు ఊర్లోకి రావడమే కుదరదు, వచ్చినా కౌంటర్ మీద ఉండేది తెలిసిన మామనో బాపునో, ఏమని అడుగుతుంది. నేషనల్ ఫ్యామిలీ హెల్త్ సర్వే ఐదో రౌండ్, అంటే 2019-21 లెక్క ప్రకారం దేశంలో 15 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు సగం మంది గుడ్డ వాడుతున్నామని చెప్పారు. గుడ్డ ఎక్కడికీ పోలేదు, ఇళ్లలోనే ఉంది. పాత చీర చింపిన ముక్క, సరిగా ఉతకని ముక్క, తడి తడిగానే మళ్లీ పెట్టుకునే ముక్క, దురదలు, పుండ్లు, ఇన్ఫెక్షన్లు వచ్చేది దాంతో. ఈ మేడ మీద కూర్చున్నవాళ్లు దాని బదులు శుభ్రమైన, కదలని, ఆరే గుడ్డ ఇస్తున్నారు, అంతే.

కానీ మేము ఈ సంపాదకీయం రాస్తున్నది వాళ్లను మెచ్చుకోవడానికి మాత్రమే కాదు. కిట్లు పంచడానికి వాళ్లు ఒక బడికి వెళ్లినప్పుడు మేమూ వెంట వెళ్లాం, ఎట్లా వాడాలో చెప్పారు, నాలుగైదు గంటలకోసారి మార్చుకోవాలని, ముందు చల్లనీళ్లలోనే నానబెట్టాలని, వేడినీళ్లు పోస్తే మరక పట్టేసుకుంటుందని, తర్వాత ఎండలో బాగా ఆరేయాలని. అంతా అయిపోయాక వెనక బెంచీలోంచి తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి లేచి, చాలాసేపు తటపటాయించి, "మేడమ్, ఇవి ఏడ ఆరేయాలె?" అని అడిగింది. హాస్టల్లో ఉంటుందట ఆ పిల్ల. వెనక దండెం ఉంది కానీ అది దారి పక్కనే, అబ్బాయిలు, వంటవాళ్లు, సార్లు అందరూ తిరిగే చోట. అందుకే మంచం కింద ట్రంకు పెట్టె వెనక ఆరేసుకుంటారట, లేకపోతే టవల్ కింద దాచి. ఆ గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు, మా దగ్గర కూడా లేదు.

ఇదే అసలు సంగతి. గుడ్డ ప్యాడ్‌కు మందు ఎండే. ఎండలో ఆరితేనే అది శుభ్రం, ట్రంకు పెట్టె వెనక ఆరితే ఎంత మంచి ఫ్లానెలైనా ఆ చీర ముక్కతో సమానమే. మన ఇళ్లలో మగవాళ్ల బనియన్లు వాకిట్లో దండెం మీద వేలాడితే ఎవరికీ ఏమీ అనిపించదు, ఆడపిల్ల లోబట్టలు మాత్రం చీర కింద దాచి ఆరేయాలి. ముట్టు, అంటు, బయట ఉన్నది, దూరం ఉన్నది అని వంద మాటలతో దాన్ని ఇంటి మూలకు నెట్టేశాం, ఇప్పుడు ఆ మూలలోనే రోగం పెరుగుతోంది. కుట్టేవాళ్లు గుడ్డ ఇవ్వగలరు, ఎండను ఇవ్వలేరు, అది ఇంట్లో నాయనలు, అన్నలు, హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు ఇవ్వాల్సింది.

ఖర్చు కూడా పెద్దగా ఏమీ లేదు. హాస్టల్ డాబా మీద ఆడపిల్లలకు మాత్రమే వెళ్లే వీలుండేలా నాలుగు వైపులా నడుమెత్తు గోడనో గ్రీన్ షేడ్ నెట్‌నో కట్టి నైలాన్ దండేలు కట్టాలి, వానాకాలం కోసం ఒక గదిలో ఫ్యాను, ఇస్త్రీ పెట్టె పెట్టాలి. టాయిలెట్ తలుపుకు లోపలి గడియ ఉండాలి, బకెట్ ఉండాలి, నల్లాలో నీళ్లు రావాలి, ఎవరూ చూడకుండా ఉతుక్కునే చోటు ఉండాలి. 2009 విద్యాహక్కు చట్టం ఆడపిల్లలకు, మగపిల్లలకు టాయిలెట్లు వేరువేరుగా ఉండాలని చెప్పింది, 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బడిపిల్లల పీరియడ్స్ విషయంలో దేశమంతటికీ ఒకే విధానం తయారు చేయమని కేంద్రాన్ని ఆదేశించింది. పై నుంచి ఎన్ని కాగితాలు వచ్చినా ఊర్లో గడియ లేని తలుపుకు గడియ బిగించేది మాత్రం ఆ ఊరి వాళ్లే, గడియ ఖరీదు ఎంతో అందరికీ తెలుసు.

కిట్లు ఇచ్చేవాళ్లకు, ఇప్పించేవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. దయచేసి పిల్లల చేతుల్లో సంచులు పెట్టి వరుసగా నిలబెట్టి ఫొటోలు తీయొద్దు, మా పేపర్ అలాంటి ఫొటో ఇకపై వేయదు. గుడ్డ ప్యాడే వాడాలని ఏ పిల్లనూ బలవంతం చేయొద్దు, నీళ్లు లేని చోట, ఉతుక్కునే వీలు లేని చోట పారేసే ప్యాడే నయం, రెండూ ముందు పెట్టి పిల్లనే ఎంచుకోనివ్వాలి. కిట్లు వచ్చాయి కదా అని సర్కారు ఇచ్చే ప్యాడ్లు ఆపితే అంతకన్నా అన్యాయం లేదు.

ఇంకోటి మాకు గట్టిగా అనిపిస్తోంది, ఇది ఎంతకాలం ఆదివారం సేవగా నడుస్తుంది? పత్తి పండేది మన దగ్గర, వరంగల్ ఏనుమాముల మార్కెట్ నిండా పత్తే, ఆజంజాహి బట్టల మిల్లు 1934లో మొదలైంది వరంగల్‌లోనే, కొత్తవాడ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అనే గుర్తింపు వచ్చింది, గీసుగొండ దగ్గర టెక్స్‌టైల్ పార్క్ ఉంది. బడి యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చారు కదా, అదే సంఘాలకు ఈ కిట్లు కూడా ఇచ్చి, కూలి సరిగా కట్టి, కుట్టు గట్టిగా ఉందో లేదో చూసే మనిషిని పెడితే, అక్క షాపు బంద్ పెట్టుకుని రావాల్సిన పని ఉండదు, అదే ఆమెకు పని అవుతుంది. కలెక్టర్లు తలుచుకుంటే అయ్యే పని ఇది. 2023 జులైలో భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి వరదలో మునిగినప్పుడు జనం డాబాల మీద, చెట్ల మీద ప్రాణాలు కాపాడుకున్న సంగతి ఈ ప్రాంతం మర్చిపోలేదు, అలాంటి రోజు పిల్లకు పీరియడ్ వస్తే ఏంటని ఆలోచించి, బియ్యం దుప్పట్ల లిస్టులో ప్యాడ్లు కూడా రాసిపెట్టుకోవాలి, అప్పుడు పారేసేవే పంపాలి, వరదలో ఉతుక్కోవడం ఎట్లాగూ కుదరదు.

ఆ మేడ మీది వాళ్లకు ఇప్పుడు కావాల్సింది జాగా, వానలు మొదలైతే రేకుల షెడ్డు కారుతుంది. మా ఆఫీసు కింద గది ఖాళీగానే ఉంది, మిషన్లు పెట్టుకోమని చెప్పాం, కరెంటు మేం చూసుకుంటాం. వచ్చే ఆదివారం పొద్దున పదింటికి అక్కడే మొదలవుతుంది. కుట్టు రానివాళ్లు కూడా రావచ్చు, మగవాళ్లు కూడా, చాక్ గీత మీద కత్తెర నడిపించడం అరగంటలో నేర్పిస్తామని అక్క చెప్పింది.