పసివాళ్ల దగ్గర మనిషి ఉండాలి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అద్దె గదుల్లో నడిచే అంగన్‌వాడీ కేంద్రాలకు ఉదయం పదకొండు గంటల వేళ వెళ్లినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. గదిలో ఓ మూల పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటుంది, ఆయా కోడిగుడ్లు కడుగుతుంటుంది. టీచరు సిగ్నల్ అందే గుమ్మం దగ్గర నిలబడి, రేషను కోసం వచ్చిన బాలింత ముఖాన్ని గుర్తింపు కోసం ఫోనులో ఒకటికి రెండుసార్లు ఫొటో తీస్తుంటుంది. పిల్లలు చాప మీద ఉంటారు. వారిలో రెండున్నరేళ్ల గుంట ఒకతి లేచి పొయ్యి వైపు నాలుగడుగులు వేస్తే, ఆయా గరిటె వదిలేసి పరుగున వచ్చి చంకనేసుకుంటుంది. ఆ ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేం. ఇద్దరూ తమకు అప్పగించిన పనే చేస్తున్నారు. ఆ పది నిమిషాలూ పిల్లలను చూసుకునే పని మాత్రం ఎవరికీ మిగల్లేదు.

కేంద్ర ప్రభుత్వం 2013లో ప్రకటించిన జాతీయ పూర్వబాల్య సంరక్షణ, విద్యా విధానం ఈ విషయంలో ఏ సందిగ్ధానికీ తావివ్వలేదు. 30 మంది పిల్లలకు కనీసం 35 చదరపు మీటర్ల గది, బయట ఆడుకోవడానికి 30 చదరపు మీటర్ల స్థలం ఉండాలంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల్లో 20 మందికి ఒకరు, మూడేళ్ల లోపు వారిలో 10 మందికి ఒకరు చొప్పున పెద్దవాళ్లు ఉండాలని, పిల్లలను ఏ క్షణంలోనూ ఒంటరిగా వదలరాదని చెప్పింది. మన జిల్లాల్లో ప్రమాణాల గురించి చర్చ వచ్చిన ప్రతిసారీ మాట భవనాల దగ్గరా, గోడల మీద రంగుల బొమ్మల దగ్గరా ఆగిపోతోంది. సొంత భవనం కావాలి, మరుగుదొడ్డి కావాలి, ఉద్దానం వంటి చోట సురక్షితమైన తాగునీటి కొళాయి మరీ ముఖ్యంగా కావాలి. అయితే ఆ విధానంలో అన్నిటికన్నా ఖరీదైనది, అందుకే అందరూ దాటవేస్తున్నది, 20 మందికి ఒకరు అన్న ఆ చిన్న లెక్కేనని మా అభిప్రాయం. వంట చేస్తున్న ఆయానూ, ఫోనుతో కుస్తీ పడుతున్న టీచరునూ ఆ లెక్కలో కలిపి చూపితే కాగితం మీద ప్రమాణం నెరవేరినట్టే కనిపిస్తుంది.

ఎదుగుదల నమోదునే చూడండి. రెండేళ్ల లోపు బిడ్డను నిలబెట్టి కాదు, పడుకోబెట్టి పొడవు కొలవాలి. అందుకు ఒకరు తలను పలక అంచుకు ఆనించి పట్టుకోవాలి, మరొకరు మోకాళ్లు నొక్కి పాదాలు నిటారుగా ఉంచి కొలత చదవాలి. బిడ్డ ఏడుస్తుంది, తన్నుతుంది, ఒళ్లు మెలి తిప్పుతుంది. ఈ పని ఒక్కరి వల్ల అయ్యేది కాదు. దండ (మోచేతికి పైన ఉండే చేయి) చుట్టుకొలత టేపు 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ చూపితే అది తీవ్ర పోషకాహార లోపం, ఆ బిడ్డకు వెంటనే వైద్యం అందాలి. టేపు కాస్త బిగిసినా, వదులైనా లెక్క తప్పుతుంది. హడావిడిలో తీసిన కొలత అంగన్‌వాడీ వివరాలు ఎక్కించే యాప్ పోషణ్ ట్రాకర్‌లో అంకెగా చేరిపోయాక దాన్ని సరిచూసే నాథుడుండడు. 2021 నుంచి వాడుకలో ఉన్న ఆ యాప్ వల్ల సమాచారం పైవారికి త్వరగా అందుతున్న మాట నిజమే. కానీ దానికి పట్టే సమయం ఎక్కడి నుంచి వస్తోందో ఆలోచించాలి. అది పాటల నుంచి, ఆటల నుంచి, అన్నం కలిపి తినిపించే చేతుల నుంచి తీసుకున్న సమయం.

2023 డిసెంబరులో మొదలై 42 రోజులు సాగిన అంగన్‌వాడీల సమ్మెను పాఠకులు మరచిపోయి ఉండరు. అప్పటికి టీచరు గౌరవ వేతనం నెలకు రూ.11,500, ఆయాకు రూ.7,000. సమ్మె నడుస్తుండగా 2024 జనవరిలో ప్రభుత్వం అత్యవసర సేవల చట్టాన్ని ప్రయోగించింది. ఆగితే సమాజం ఇబ్బంది పడేంత అవసరమైన సేవ అని ప్రభుత్వమే ఒప్పుకున్నాక, దాన్ని చేసేవారిని గౌరవ వేతనం మీద పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలుగా ఎలా పరిగణిస్తారు? పిల్లల దగ్గర ఎప్పుడూ పెద్దమనిషి ఉండాలంటే వంటకు విడిగా మనిషి కావాలి. అందుకు డబ్బు లేదన్న సమాధానాన్ని మేము అంగీకరించలేం.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బోధన పిల్లల మాతృభాషలో ఉండాలని 2013 విధానం కోరింది. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఇంట్లో ఒడియా వినే పిల్లలున్నారు, మందస, మెళియాపుట్టి కొండ పల్లెల్లో సవర మాట్లాడే పిల్లలున్నారు. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఆయన పుట్టిన గడ్డ మీద మూడేళ్ల సవర బిడ్డ ‘దాహం’ అన్న మాట టీచరుకు చెప్పలేక ఊరుకోవాల్సి రావడం మనకు గౌరవం కాదు. ఆ ఊరి మనిషినే ఆయాగా నియమిస్తే సగం చిక్కు తీరుతుంది.

ఇక అంగన్‌వాడీ మూతపడిన తర్వాతి వేళల సంగతి. పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలు కొట్టే, పప్పు తొక్క తీసే మహిళలు పొద్దున్నే ఇల్లు వదులుతారు. జీడినూనె అంటితే చర్మం కాలుతుంది, ఆ చేతులతో చంటిబిడ్డను ఎత్తుకోవడానికే తల్లి జంకుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి మహిళలు పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలంది. ఆ స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆడామగా కలిపి 50 మందికి మించిన కార్మికులుంటేనే అంటోంది. ముప్పై అయిదు, నలభై మంది మహిళలతోనే నడిచే చిన్న యూనిట్లు ఇక ఆ బాధ్యత పరిధిలోకి రావు. అయితే అదే కోడ్ కొన్ని సంస్థలు కలిసి ఉమ్మడిగా శిశు సంరక్షణ కేంద్రాన్ని నడుపుకోవచ్చని దారి కూడా చూపింది. యూనిట్లు పక్కపక్కనే ఉన్న పలాస వంటి చోట ఇది బాగా కుదిరే పద్ధతి. కేంద్ర ప్రభుత్వ ‘పాల్నా’ పథకం కింద ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు ఏడున్నర గంటలు నడిచే కేంద్రాలు పెట్టుకునే వీలుంది. పరిశ్రమ యజమానులు స్థలమిచ్చి, ప్రభుత్వం సిబ్బందినిస్తే మూడేళ్ల లోపు పిల్లలకు ఈ ప్రాంతంలో ఇప్పుడున్న పెద్ద లోటు కొంతైనా తీరుతుంది. ఉపాధి హామీ పనుల దగ్గర కూడా, ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురు ఉంటే ఒక మహిళకు కూలి ఇచ్చి వారిని చూసుకునే పని అప్పగించాలన్న నిబంధన చట్టంతో పాటే వచ్చింది. మన చెరువు పనుల్లో చెట్టు కొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలు కనిపించినంతగా ఆ మహిళ కనిపించలేదు.

విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లో అపార్ట్‌మెంటు కింది అంతస్తుల్లో వెలుస్తున్న ప్లే స్కూళ్లకూ ఇదే కొలత వర్తించాలి. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ప్రైవేటు ప్లే స్కూళ్లకు మార్గదర్శకాలిచ్చింది. వాటిని ఫీజు రసీదు తీసుకునే తల్లిదండ్రులెవరికీ ఎవరూ చూపరు. మూడేళ్ల బిడ్డ చేతికి పెన్సిలిచ్చి అక్షరాలు దిద్దిస్తే తల్లిదండ్రులు సంతోషిస్తారేమో గానీ, ఆ వయసులో వేళ్లకు కావలసింది మట్టి, ఇసుక, పూసలు, చింతగింజలు.

ఈ రెండు జిల్లాల కలెక్టర్లను మేము కోరేది ఒక్కటే. అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) సూపర్‌వైజర్ కేంద్రానికి వెళ్లినప్పుడు రిజిస్టర్లు అడగడానికి ముందు ఒక గంట చాప పక్కన కూర్చోవాలి. ఆ గంటలో పిల్లల దగ్గర పెద్దమనిషి లేని నిమిషాలు ఎన్నో లెక్కపెట్టి, ఆ అంకెను కేంద్రం తలుపు మీద తల్లులకు కనబడేలా రాసి రావాలి.