సన్‌స్క్రీన్ మీద తిరుగుతున్న మెసేజ్: నా జవాబు

ఎండలు ముదరగానే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: సన్‌స్క్రీన్ తెల్లవాళ్ల కోసం పుట్టింది, మన చర్మానికి అక్కర్లేదు. దాంట్లోని కెమికల్స్ వల్లే క్యాన్సర్ వస్తోంది. అది రాసుకుంటే ఒంటికి విటమిన్ డి అందదు. మన అమ్మమ్మలు ఏ క్రీమూ రాసుకోకుండానే నిగనిగలాడారు. అంతగా కావాలంటే కొబ్బరి నూనె, నిమ్మరసం, పసుపు చాలు. ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లకైతే అసలు ఏమీ వద్దు.

పోయిన ఏడాది చదివి ఊరుకున్నాను. ఈసారి ఊరుకోలేకపోతున్నాను. ఇలాంటి మాటలు నమ్మి మా అక్క ఏడాదిన్నర పాటు అద్దం చూసుకోవడం మానేసింది. ఆ సంగతి తర్వాత చెప్తాను, ముందు అమ్మమ్మల సంగతి చూద్దాం.

మా అమ్మమ్మది ఖమ్మం దగ్గర పల్లె. మిరప కోతలకు కూలికి వెళ్లేది. తెల్లారకముందే చద్దన్నం తిని బయల్దేరేది. బయల్దేరే ముందు చీర మీద తాతయ్య పాత ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుని మణికట్టు దాకా గుండీ పెట్టుకునేది. తలకు తువ్వాలు చుట్టి, అంచు చెవుల మీదుగా తెచ్చి గడ్డం కింద ముడి వేసేది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కూలివాళ్లంతా వేపచెట్టు కిందికి చేరేవాళ్లు. ఇప్పటికీ మిరప తోటల్లో, పత్తి చేలల్లో ఆడవాళ్లు మగవాళ్ల చొక్కా తొడుక్కునే పనిలోకి దిగుతారు. చొక్కా, తువ్వాలు, చెట్టు నీడ ఇవన్నీ ఎండ నుంచి కాపాడేవే. అమ్మమ్మ క్రీమ్ రాసుకోలేదు, నిజమే. అలాగని ఒళ్లు ఎండకు వదిలేయనూ లేదు.

ఇక నిగనిగల మాట. సాయంత్రం అమ్మమ్మ చొక్కా విప్పితే మణికట్టు దగ్గర గీత గీసినట్టు రెండు రంగులు కనిపించేవి. గీతకు పైన చామనఛాయ, మెత్తటి చర్మం. గీతకు కింద, అరచేతి వెనకంతా నల్లగా కమిలి, కాల్చిన వంకాయ తొక్కలా ముడతలు. మనిషి ఒకరే, వయసూ ఒకటే, తిన్న తిండీ ఒకటే. తేడా అంతా ఆ చొక్కాదే. మీ ఇంట్లో పొలం పని చేసిన పెద్దవాళ్లుంటే వాళ్ల చేతులు ఒకసారి పట్టుకుని చూడండి.

“మన చర్మానికి అక్కర్లేదు” అన్నదాంట్లో సగం నిజముంది. మెలనిన్ అనే నల్లరంగు పదార్థం చర్మానికి పుట్టుకతో వచ్చిన గొడుగు. 1979లో అమెరికాలో కొలిచి చూస్తే నల్లజాతివాళ్ల చర్మం పైపొర సుమారు 13 ఎస్‌పీఎఫ్ (ఎండకు చర్మం కమలకుండా ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) పాటి రక్షణ ఇస్తోందని, తెల్లవాళ్లది 3 చిల్లర మాత్రమేనని తేలింది. మన గోధుమ రంగు చర్మాలు ఆ రెండింటి మధ్య ఎక్కడో ఉంటాయి. అందుకే ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్ మనలో చాలా తక్కువ. క్యాన్సర్ పేరు చెప్పి భయపెట్టి సన్‌స్క్రీన్ అమ్మేవాళ్ల మాటా నమ్మకండి. మనకు అసలు బాధ వేరే ఉంది. మంగు మచ్చలు, మొటిమ తగ్గాక ఏళ్ల తరబడి మిగిలిపోయే నల్లటి మరక, నలభైలోనే కళ్ల పక్కన దిగే గీతలు. వీటికి ఎండే ఆజ్యం పోస్తుంది. మెలనిన్ ఎక్కువగా ఉన్న చర్మానికి మచ్చ తొందరగా పడుతుంది, తొందరగా పోదు. ఆ లెక్కన చూస్తే మంగు ఉన్నవాళ్లకు సన్‌స్క్రీన్ అవసరం మరింత ఎక్కువ.

ముడతల మీద గట్టి ఆధారం ఆస్ట్రేలియాలోని నాంబూర్ అనే ఊరి నుంచి వచ్చింది. 1992 నుంచి 1996 దాకా అక్కడివాళ్లలో కొందరికి రోజూ సన్‌స్క్రీన్ రాసుకోమని చెప్పారు, మిగతావాళ్లను వాళ్లిష్టానికి వదిలేశారు. అరచేతి వెనక చర్మానికి సిలికాన్‌తో అచ్చులు తీసి, ముందూ తర్వాతా ఎన్ని గీతలు పడ్డాయో పోల్చారు. 55 ఏళ్ల లోపువాళ్లు 903 మంది లెక్కలు 2013లో బయటికొచ్చాయి. రోజూ రాసుకున్నవాళ్లలో చర్మం ముదరడం 24 శాతం తక్కువగా ఉంది. వాళ్లు వాడింది కేవలం 15 ఎస్‌పీఎఫ్ రకం. అక్కడివాళ్లు ఎక్కువమంది తెల్లచర్మం వాళ్లు, కాబట్టి ఆ అంకె మనకు అచ్చంగా అలాగే వర్తించదు. కానీ ఎండ చర్మాన్ని ముదరబెడుతుందని, అడ్డం పెడితే ఆ వేగం తగ్గుతుందని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి?

“కెమికల్స్ వల్లే క్యాన్సర్.” ఈ మాటకు ఊతమిచ్చిన రెండు సంగతులు చెప్తాను. అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ 2019లో ఒక పరీక్ష చేసింది. 24 మందికి ఒంట్లో ముప్పావు భాగం, రోజుకు నాలుగుసార్లు, నాలుగు రోజులు సన్‌స్క్రీన్ పట్టించి రక్తం పరీక్షించారు. కొన్ని పదార్థాలు రక్తంలో కనిపించాయి. అవి ఒక హద్దు దాటాయి. అయితే ఆ హద్దు, ‘దాటితే ఇంకా పరీక్షలు జరపాలి’ అని పెట్టుకున్న గీత మాత్రమే. దాటితే హాని జరిగినట్టు లెక్క కాదు. సన్‌స్క్రీన్ వాడటం మానొద్దని ఆ సంస్థే అప్పుడే చెప్పింది. 2021లో ఇంకో గొడవ జరిగింది. అమెరికాలో కొన్ని స్ప్రే సన్‌స్క్రీన్లలో బెంజీన్ కనిపించడంతో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ వాటిని వెనక్కి తీసుకుంది. బెంజీన్ నిజంగా క్యాన్సర్ కారకమే. కానీ అది సన్‌స్క్రీన్‌లో కలపవలసిన పదార్థం కాదు, తయారీలో చొరబడ్డ కల్తీ. కల్తీ దొరికితే ఆ సరుకు వెనక్కి తీసుకోవాలి, తీసుకున్నారు కూడా.

ఇంతా విన్నా మనసు ఒప్పకపోతే జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ తీసుకోండి. చెమటకాయలకు, దురదకు మనం రాసే గులాబీ రంగు కాలమైన్ లోషన్‌లో ఉన్నదీ జింకే. ఆ గులాబీ రంగు ఐరన్ ఆక్సైడ్ వల్ల వచ్చింది. మంగు ఉన్నవాళ్లకు ఆ ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేత రంగు సన్‌స్క్రీన్ ఇంకా మంచిది. మంగును మామూలు వెలుతురు కూడా ముదరబెడుతుంది, దాన్ని ఆపగలిగేది ఆ రంగే.

విటమిన్ డి విషయానికి వస్తే, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు ఆ చుట్టుపక్కల పట్నంలో, పల్లెల్లో రక్తాలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. పొద్దస్తమానం పొలంలో ఉండే పల్లె జనంలోనూ లోపం కనిపించింది. వాళ్లలో సన్‌స్క్రీన్ రాసుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు? మన దేశంలో విటమిన్ డి లోపం ఇంటింటా ఉంది, సన్‌స్క్రీన్ మాత్రం ఏ పదిళ్లలోనో ఒక ఇంట్లో ఉంటే గొప్ప. తప్పు దాని మీద నెట్టేస్తే అసలు కారణాలు వెతకడం మానేస్తాం. అనుమానం ఉంటే రక్త పరీక్ష చేయించుకుని, డాక్టర్ రాసిచ్చిన మోతాదులో మందు వేసుకోండి.

ఇక వంటింటి వైద్యం, మా అక్క సంగతి. రెండో కాన్పు తర్వాత ఆమెకు రెండు బుగ్గల మీదా మంగు వచ్చింది. చర్మం డాక్టర్ సన్‌స్క్రీన్, ఒక క్రీమ్ ఇచ్చి ఆరు నెలలు ఓపిక పట్టమన్నారు. అంతలో ఈ మెసేజ్ లాంటిదే ఒకటి వచ్చింది. అవి పక్కన పెట్టేసి, శనగపిండిలో నిమ్మరసం పిండి ముఖానికి పట్టించి, కడుక్కుని, డాబా మీదికి వడియాలు పెట్టడానికి వెళ్లింది. రెండో రోజుకి బుగ్గలు మండి, బొబ్బలెక్కాయి. మానాక అంతకుముందు కన్నా నల్లటి మచ్చలు మిగిలాయి. మన నిమ్మకాయలో ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టే అవుతుంది. ఇది వైద్యులకు బాగా తెలిసిన విషయం. అక్కకు చెప్పినవాళ్లే లేరు.

కంగారులో దగ్గర్లోని మందుల షాపుకు వెళ్తే, చీటీ అడక్కుండా ఒక ట్యూబ్ చేతిలో పెట్టారు. వారంలో ముఖం తెల్లబడింది, ఇల్లంతా సంతోషించాం. రెండు నెలలకు చర్మం పల్చబడి, ఎర్రటి సన్నని నరాలు తేలి, గడ్డం మీద వెంట్రుకలు మొలిచాయి. మానేస్తే మంట, రాస్తే ఊరట. అందులో ఉన్నది స్టెరాయిడ్. మీ ఇంట్లో ముఖానికి వాడే ట్యూబ్ మీద బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ అన్న పేర్లు ఏవైనా ఉంటే ఈ రోజే డాక్టర్‌కు చూపించండి. ఒక్కసారిగా మానేసినా ముఖం భగ్గుమంటుంది.

కొబ్బరి నూనె పొడిచర్మానికి మంచిదే, నేనూ వాడతాను. దానికి 7 ఎస్‌పీఎఫ్ ఉందని చెప్పే అంకె రాయపూర్‌లో జరిగిన ఒక పరిశోధనది, 2010లో వచ్చింది. అందులో నూనెను ఆల్కహాల్‌లో కలిపి పరికరంలో కొలిచారు. మనిషి చర్మం మీద రాసి, ఎండలో నిలబెట్టి చూసింది కాదు. పసుపు మంచిదే, ఎండను మాత్రం ఆపదు.

ఇంట్లో ఉండేవాళ్లకు వద్దన్న మాటతో నేను కొంత ఏకీభవిస్తాను. కిటికీ ఎండ పడని గదిలో రోజంతా ఉండేవాళ్లకు నిజంగానే అంత అవసరం లేదు. కానీ చర్మాన్ని ముదరబెట్టే యూవీఏ కిరణాలు మామూలు అద్దంలోంచి లోపలికి వస్తాయి. 28 ఏళ్లు సరుకుల ట్రక్కు నడిపిన 69 ఏళ్ల అమెరికన్ ఫొటో ఒకటి 2012లో ఒక పెద్ద వైద్య పత్రికలో వచ్చింది. అక్కడ డ్రైవర్ సీటు ఎడమ పక్క. కిటికీ వైపున్న ఎడమ బుగ్గ మాత్రమే ముడతలతో వేలాడుతోంది, కుడి బుగ్గ చాలా చిన్నవాడిదిలా ఉంది. మన దగ్గర కారు, లారీ నడిపేవాళ్లకు కుడి పక్క జాగ్రత్త. డాబా మీద బట్టలు ఆరేసేటప్పుడు, మిరపకాయలు ఎండబెట్టేటప్పుడు కూడా ఎండలో ఉన్నట్టే లెక్క.

నిన్న మా పిన్ని ఫోన్ చేసి “సరేనమ్మా, ఎంత రాసుకోవాలి మరి?” అని అడిగింది. పిన్నికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. చూపుడు వేలు, మధ్య వేలు మీద మొదలు నుంచి చివరి దాకా రెండు చారలు వేస్తే ముఖానికీ మెడకూ సరిపోతుంది. శనగగింజంత రాస్తే డబ్బా మీద రాసిన రక్షణ దక్కదు. 30 ఎస్‌పీఎఫ్ చాలు, అది చర్మాన్ని కమల్చే యూవీబీ కిరణాలను 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. ఆ ఒక్క శాతం కోసం రెట్టింపు డబ్బు పెట్టక్కర్లేదు. డబ్బా మీద పీఏ అన్న అక్షరాల పక్కన మూడు ప్లస్ గుర్తులైనా ఉన్నాయో లేదో చూడాలి, యూవీఏ లెక్క అక్కడే ఉంటుంది. బయట ఉంటే రెండు గంటలకోసారి, చెమట తుడుచుకున్నాక మళ్లీ రాయాలి. ఆరు నెలల లోపు పసిబిడ్డలకు రాయకూడదు, వాళ్లకు నీడ, పల్చటి నూలు బట్ట చాలు. కొనడానికి డబ్బుల్లేకపోతే చున్నీ, గొడుగు, ఫుల్ చేతులు. నీ నీడ నీకన్నా పొట్టిగా ఉన్నంతసేపూ డాబా ఎక్కకు పిన్నీ, వడియాలు పొద్దున్నే పెట్టేసి కిందికి దిగిపో అన్నాను.