టిన్ను బీరు మీద మోపిన నేరాలు

మ్యాచ్ గురించి మొదలైన మాట మ్యాచ్ దగ్గరే ఆగడం అరుదు. వాన పడి ఆట ఆగినా, ఫలితం ముందే తేలిపోయినా అభిమానుల చర్చ ఏదో ఒక మలుపులో బీరు మీదికి మళ్లుతుంది. అక్కడ ఎప్పుడూ ఒకే వాదనది పైచేయి: ‘‘బీరంటే సీసాలోదే. టిన్నులో లోహపు వాసన వస్తుంది, గ్యాస్ నిలవదు, చల్లదనం ఆగదు, కంపెనీలు నాసిరకం సరుకునే టిన్నుల్లో నింపుతాయి, పైగా ఆ అల్యూమినియం ఒంటికి మంచిది కాదు.’’ ఈ మాటలు ఎంతగా పాతుకుపోయాయంటే, ఎదురు చెప్పినవాళ్లకు బీరు గురించి ఏమీ తెలియదని తేల్చేస్తున్నారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. బీరును పాడుచేసేవి వెలుతురు, గాలి, వేడి, రోజులు గడవడం. వీటిని దృష్టిలో పెట్టుకుని చూస్తే టిన్ను చాలా విషయాల్లో సీసాకు తీసిపోదు, కొన్నిట్లో మెరుగు కూడా. సీసాకు ఇవ్వాల్సిన మార్కులు సీసాకు ఇద్దాం, కానీ లేని నేరాలు టిన్ను మీద మోపడం అన్యాయం.

ముందు లోహపు వాసన సంగతి. బీరు కాస్త పుల్లటి ద్రవం, దాని పీహెచ్ (పులుపును తెలిపే అంకె) సాధారణంగా 4 నుంచి 4.5 మధ్య ఉంటుంది. అల్యూమినియాన్ని నేరుగా తాకితే బీరు రుచీ చెడుతుంది, లోహమూ తినేసుకుపోతుంది. ఆ సంగతి తయారీదారులకు మొదటి నుంచీ తెలుసు. అందుకే టిన్ను లోపలి గోడ మొత్తానికి మైక్రాన్లలో కొలిచేంత పలచటి పాలిమర్ పూత వేస్తారు. లోపలున్నంత కాలం బీరు తాకేది ఆ పూతనే.

లోహం బీరును పాడుచేస్తుందనేవాళ్లు కుళాయిలోంచి పట్టిచ్చే డ్రాఫ్ట్ బీరును మాత్రం ఆకాశానికెత్తుతారు. డ్రాఫ్ట్ బీరు వచ్చేది కెగ్ అనే స్టీలు పీపాలోంచి కాదా? స్టేడియంలో ప్లాస్టిక్ కప్పులో పోసిచ్చేది కూడా చాలావరకు అదే. అసలు నేటి బ్రూవరీల్లో బీరు పులిసేదీ పక్వానికొచ్చేదీ ఎక్కువగా స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకుల్లోనే. సీసాలోకి వెళ్లే బీరు కూడా అక్కడి నుంచే వెళుతుంది. వారాల తరబడి లోహంలో ఉన్నా పాడవని బీరు, పూత వేసిన టిన్నులోకి రాగానే పాడైపోతుందంటే ఎలా నమ్మాలి?

మరి జనానికి ఆ వాసన ఎందుకు తెలుస్తోంది? టిన్నుకు నోరు పెట్టి తాగితే మూత అంచు పెదవికి తగులుతుంది, ముక్కు సరిగ్గా లోహం మీదే ఉంటుంది. ఫిర్యాదులో ఆ మేరకు నిజం ఉంది. గ్లాసులో పోసుకుంటే ఆ గొడవే ఉండదు. నిజానికి సీసాకు నోరు పెట్టినా నష్టమే. సన్నటి మెడలోంచి వాసన ముక్కుదాకా రాదు, బీరుకు చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పువ్వుల పరిమళమంతా లోపలే ఉండిపోతుంది.

అంచు సంగతి అలా ఉంచితే, మిగతా తేడా చాలావరకు కంటితో పుట్టిందే. 2016లో ఎడిన్‌బరో సైన్స్ ఫెస్టివల్‌లో పరిశోధకులు 151 మందికి ఒకే బ్రూవరీలో ఒకే విడతలో తయారైన బీరును ప్లాస్టిక్ కప్పుల్లో ఇచ్చారు. కొందరికి సీసాలోంచి పోశారు, కొందరికి టిన్నులోంచి. తాగేముందు ఆ సీసానో టిన్నునో చేతిలోకి తీసుకుని లేబుల్ చూడమన్నారు. సీసా చూసినవాళ్లు రుచికి ఎక్కువ మార్కులు వేశారు. తర్వాత మరో 29 మందికి ఏది దేనిలోంచి వచ్చిందో చెప్పకుండా రెండూ ఇస్తే, అటో ఇటో నిలకడగా మొగ్గు కనిపించలేదు. చూసి తాగినవాళ్లు అబద్ధం చెప్పారని నేననను. వాళ్లకు నిజంగానే అది బాగుంది. కానీ ఆ ‘బాగుండటం’ బీరులోంచి రాలేదు.

‘‘గాజు స్వచ్ఛమైనది, రుచిని ఉన్నదున్నట్టు కాపాడుతుంది’’ అనేది రెండో మాట. గాజు బీరుతో ఎలాంటి చర్యా జరపదన్నది నిజం. కానీ గాజు వెలుతురును లోపలికి రానిస్తుంది. వెలుతురుకు బీరు అసలు తట్టుకోలేదు.

హాప్స్‌లోంచి వచ్చే ఐసో ఆల్ఫా ఆమ్లాల వల్ల బీరుకు ఆ చేదు వస్తుంది. బీరులో సహజంగానే రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్, కొద్దిగా ఉంటుంది. వెలుతురు పడగానే, ముఖ్యంగా నీలి రంగు వైపు కిరణాలు పడగానే, రైబోఫ్లేవిన్ ఆ శక్తిని అందుకుని చేదు ఆమ్లాలను విరగ్గొడుతుంది. విరిగిన ముక్క బీరులోని గంధక పదార్థాలతో కలిసి ఎంబీటీ అనే సమ్మేళనం అవుతుంది. అది స్కంక్ అనే జంతువు ఆత్మరక్షణకు చిమ్మే ద్రవంలోని రసాయనాలకు దగ్గరి బంధువు. లక్ష కోట్ల వంతుల్లో కొన్ని వంతులున్నా మన ముక్కు పట్టేస్తుంది. ఎండలో పెట్టిన పచ్చ సీసా బీరు నిమిషాల్లోనే కంపు కొట్టడానికి కారణం ఇదే. బీరుకు ఈ వెలుతురు జబ్బు ఉందని 19వ శతాబ్దంలోనే గుర్తించారు. అది పుట్టే తీరును 2001లో నార్త్ కరోలినా, ఘెంట్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు కలిసి వివరించారు.

గోధుమ రంగు సీసా ఈ కిరణాలను చాలావరకు ఆపుతుంది. పచ్చ సీసా ఆపేది తక్కువ, రంగులేని సీసా దాదాపు ఏమీ ఆపదు. అందుకే రంగులేని సీసాల్లో అమ్మే కొన్ని కంపెనీలు మామూలు హాప్స్‌కు బదులు వెలుతురుకు విరగకుండా మార్చిన హాప్స్ సారాన్ని వాడతాయి. రుచిని కాపాడే సీసా కోసం బీరులో వేసే దినుసునే మార్చాల్సి వస్తే, ఎవరు ఎవరిని కాపాడుతున్నట్టు? టిన్నులోకి వెలుతురు రవ్వంత కూడా పోదు. ఈ ఒక్క విషయంలో పోటీయే లేదు. పచ్చ సీసా బీరులో వచ్చే ఆ ఘాటు వాసనే అసలైన విదేశీ రుచి అని చాలామంది నమ్ముతున్నారు. వాళ్లు మెచ్చుకుంటున్నది వెలుతురు తగిలి చెడిన బీరును, ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

‘‘గ్యాస్ నిలవదు’’ అనేది తలకిందులైన మాట. టిన్ను మూతనూ ఒంటినీ ఒకదానిలోకి ఒకటి మడిచి రెండు వరసలుగా నొక్కి మూస్తారు. అందులోంచి గ్యాస్ బయటకు రాదు, గాలి లోపలికి పోదు. సీసా మీది క్రౌన్ మూత, అంటే అంచు ముడతలున్న లోహపు మూత, 1892 నాటి విలియం పెయింటర్ పేటెంటు. గొప్ప ఆవిష్కరణే, కానీ దాని లోపలి మెత్తటి పొర గుండా నెలల మీద అతి కొద్దిగా ఆక్సిజన్ లోపలికి చేరుతూనే ఉంటుంది. ఆక్సిజన్ తగిలేకొద్దీ బీరు వాడిపోయి తడిసిన అట్టపెట్టె వాసన వేస్తుంది. ఆక్సిజన్‌ను పీల్చేసే పొరలున్న మూతలూ వచ్చాయి. అంటే ఆ సమస్య ఉందని సీసా వాళ్లే ఒప్పుకున్నట్టు.

ఇక్కడ సీసా తరఫున చెప్పాల్సింది కూడా ఉంది. నింపేటప్పుడు సీసాలోని గాలిని ముందే లాగేయవచ్చు. మూత వేసే ముందు సన్నటి నీటి ధార కొట్టి, నురుగు పొంగించి, మెడలో మిగిలిన గాలిని తోసేయవచ్చు. వెడల్పు నోరున్న పలచటి టిన్నుతో అంత సుళువు కాదు. నింపే యంత్రం సరిగ్గా లేని చిన్న బ్రూవరీల టిన్నుల్లో మొదటి రోజే ఎక్కువ గాలి చిక్కుకుపోవచ్చు. 2023లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్ల అధ్యయనంలో అంబర్ ఏల్ అనే రకం బీరు సీసాలోనే ఎక్కువ నిలకడగా ఉన్నట్టు తేలింది, హాప్స్ ఎక్కువ వేసే ఐపీఏ రకంలో మాత్రం సీసాకూ టిన్నుకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే బీరు రకాన్ని బట్టి జవాబు మారుతుంది. ‘ఎప్పుడూ సీసాయే’ అనే వాదనకు ఇది సాయపడదు.

గ్యాస్ గురించే ఇంకో మాట. కుదిపిన టిన్ను పొంగకుండా పైన వేలితో కొట్టి తెరవాలంటారు. డెన్మార్క్ పరిశోధకులు 2019లో వెయ్యికి పైగా టిన్నులతో దీన్ని పరీక్షించారు. కొట్టినా కొట్టకపోయినా పొంగేది పొంగింది. కాసేపు కదపకుండా ఉంచడమే మార్గం.

ఇక చల్లదనం. ‘‘లోహం కదా, ఇట్టే వేడెక్కిపోతుంది’’ అంటారు. అల్యూమినియం వేడిని గాజు కంటే వందల రెట్లు ఎక్కువగా ప్రసరింపజేస్తుంది, కాదనను. ఐసు నీళ్లలో పెడితే టిన్ను ముందుగా చల్లబడేదీ అందుకే. కానీ బల్ల మీద ఉన్నప్పుడు వేడి చేరే వేగాన్ని నిర్ణయించేది ముఖ్యంగా చుట్టూ ఉన్న గాలి, డబ్బా గోడ కాదు. గాలి రెండిటికీ ఒకటే. సీసాకు ఉన్న అసలు లాభం దాని బరువు. ఖాళీ 330 మి.లీ. సీసా సుమారు 200 గ్రాములు తూగుతుంది, టిన్ను 13 గ్రాములకు అటూఇటూ. సీసాతో పాటు ఆ గాజు కూడా చల్లబడి ఉంటుంది కదా. లెక్క వేస్తే, 330 మి.లీ. బీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 1400 జౌళ్ల శక్తి కావాలి, ఆ గాజుకు ఇంకో 170 దాకా. అంటే సీసాకు దక్కే అదనపు చల్లదనం పదీ పన్నెండు శాతం. సీసాను మెడ దగ్గర పట్టుకోవచ్చు, టిన్నును ఒంటి మీదే పట్టుకోవాలి కాబట్టి చేతి వేడి నేరుగా తగులుతుంది. ఆ తేడా ఉంది. అది పట్టుకునే తీరుది.

‘‘నాసిరకం బీరునే టిన్నులో నింపుతారు’’ అనే మాటకు చరిత్రలో కాస్త ఆధారం ఉంది, ఇప్పుడు లేదు. టిన్ను బీరు మొదట అమ్మకానికి వచ్చింది 1935 జనవరి 24న, అమెరికాలోని రిచ్‌మండ్‌లో. అమ్మింది క్రూగర్ బ్రూవరీ. అప్పటివి ఉక్కు టిన్నులు, లోపలి పూత ఇప్పటంత పక్కాగా ఉండేది కాదు. ఆనాడు పడిన మచ్చ ఇంకా పోలేదు. తర్వాత చాలా ఏళ్లు టిన్ను అంటే పెద్ద కంపెనీల చవక లాగర్ రకం బీరు అనే ముద్ర ఉండేది. కొలరాడోలోని ఆస్కర్ బ్లూస్ అనే చిన్న బ్రూవరీ 2002లో తన హాప్స్ దట్టించిన పేల్ ఏల్‌ను టిన్నుల్లో పెట్టింది. ఆ తర్వాత క్రాఫ్ట్ బ్రూవరీలుగా పిలిచే అలాంటి చిన్న తయారీదారులు వరసకట్టారు. ఇవాళ వెలుతురుకూ గాలికీ అందరికంటే ఎక్కువ భయపడే హాప్స్ బీర్ల తయారీదారుల్లో చాలామంది టిన్నునే ఎంచుకుంటున్నారు. ఐర్లండ్ నల్ల బీరు గిన్నెస్ సంగతీ చూడండి. నైట్రోజన్ నింపిన చిన్న ప్లాస్టిక్ పరికరాన్ని లోపల పెట్టి, తెరవగానే పబ్బులో పోసినట్టు నురుగు వచ్చేలా 1988లో ముందు తెచ్చింది టిన్నులోనే. సీసాకు ఆ ఏర్పాటు తర్వాత వచ్చింది.

ఆరోగ్యం మాటకొస్తే, అల్యూమినియం బీరును తాకదని ముందే చెప్పాను. అడగాల్సిన ప్రశ్న ఆ పూత గురించి. ఎపాక్సీ అనే పాత రకం పూతల్లో బిస్ఫినాల్ ఏ అనే రసాయనాన్ని వాడేవారు. దాని సురక్షిత పరిమితిని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో 20,000 రెట్లు తగ్గించింది. 2024 చివర్లో ఐరోపా సమాఖ్య ఆహారాన్ని తాకే వస్తువుల్లో దాన్ని నిషేధించింది. ఇది తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కాదు, టిన్నులు చేసేవాళ్లు వేరే పూతలకు మారి తీరాలి. అలాగని సీసా కడిగిన ముత్యమేం కాదు. 2025లో ఫ్రాన్స్ ఆహార భద్రతా సంస్థ ఆన్సెస్ కోలా, నిమ్మ సోడా, ఐస్ టీ, బీరు సీసాలను పరీక్షించింది. గాజు సీసాల్లో లీటరుకు సగటున వంద దాకా సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు కనిపించాయి. ప్లాస్టిక్ సీసాల్లో, టిన్నుల్లో ఉన్నదానికి ఇది 5 నుంచి 50 రెట్లు. ఆ రేణువుల రంగూ కూర్పూ మూత పైన వేసే పెయింటుతో సరిపోయాయి. సీసాలకు బిగించక ముందు మూతలన్నీ కుప్పగా ఒకదానికొకటి రాసుకున్నప్పుడు ఆ పెయింటు గీరుకుపోతుంది. బిగించే ముందు మూతలను గాలి ఊది కడిగితే బాగా తగ్గిందని కూడా వాళ్లే చూపించారు. ఇవన్నీ అయ్యాక ఒక సంగతి మరచిపోకూడదు: డబ్బా ఏదైనా, బీరులో ఒంటికి హాని చేస్తుందని గట్టిగా రుజువైనది ఆల్కహాలే.

పర్యావరణం పేరుతో సీసాను వెనకేసుకొచ్చేవాళ్లతో నేను సగం ఏకీభవిస్తాను. వెనక్కి తీసుకుని, కడిగి, మళ్లీ మళ్లీ దగ్గర్లోనే నింపే సీసాను టిన్ను ఓడించలేదు. ఒకసారి తాగి పారేసే సీసా సంగతి వేరు. దాన్ని కరిగించి చేయడానికీ, ఆ బరువును దూరాలు మోయడానికీ చాలా ఇంధనం ఖర్చవుతుంది. వాడిన అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ చేస్తే, ఖనిజం నుంచి చేసేదానితో పోలిస్తే 95 శాతం దాకా శక్తి ఆదా అవుతుంది. చెత్తలో పడేస్తే ఆ లాభం రాదు.

ఆట చూస్తూ తాగడానికి సీసాయే అందం అనేవాళ్లకు ఒక విషయం. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఫుట్‌బాల్ మైదానాల కోసం 1985లో తెచ్చిన చట్టం విసిరితే గాయం చేయగల పానీయపు సీసాలనూ టిన్నులనూ ఒకే గాటన కట్టి నిషేధించింది. సీసాలోనే పోసి, ఈస్ట్‌ను బతికుంచి, ఏళ్ల తరబడి పక్వానికి వదిలే బలమైన బీర్లు మాత్రం వేరే కోవవి. వాటికి మందపాటి సీసా, బిగువైన బిరడా తగినవే. కానీ అభిమానుల చర్చలో ఎవరూ ఆ బీర్ల గురించి మాట్లాడటం లేదు.

ఇంకా నమ్మకం కుదరకపోతే బ్రూవరీల్లో రుచి చూసేవాళ్ల పద్ధతే వాడండి. ఒకే బ్రాండు, దగ్గర దగ్గర తేదీల్లో నింపిన సీసానూ టిన్నునూ ఒకే ఫ్రిజ్‌లో చల్లబరచండి. మరొకరి చేత మూడు కప్పుల్లో పోయించండి. రెండు కప్పుల్లో ఒక డబ్బాలోది, మూడో కప్పులో రెండో డబ్బాలోది. వేరేది ఏదో పట్టుకోవాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి, ఒక్కసారి సరిగ్గా చెప్పడం లెక్కలోకి రాదు. కొన్నిసార్లు వరసగా చేసి రాసి పెట్టుకోవాలి.