ఆ కొండ పేరు కూడా అడగండి

మారిషస్‌కి హనీమూన్ వెళ్లొచ్చిన వాళ్ల ఫోన్లలో ఒక ఫొటో తరచూ కనిపిస్తుంది. సముద్రం అడుగున జలపాతం దూకుతున్నట్టు ఉంటుంది. నిజానికి అక్కడ జలపాతం ఏమీ లేదు. ఇసుక, ఒండ్రు లోతులోకి జారుతుంటే పైనుంచి చూసే కంటికి అలా అనిపిస్తుంది, అంతే. ఆ భ్రమ కోసం హెలికాప్టర్ ఎక్కి బాగానే ఖర్చుపెడతారు. అదే ఫొటోలో పక్కన నిలబడ్డ కొండ పేరు అడిగితే మాత్రం చెప్పేవాళ్లు తక్కువ.

దాని పేరు లె మోర్న్. ఎత్తు 556 మీటర్లు. తోటల నుంచి పారిపోయిన బానిసలు ఆ కొండ గుహల్లో, నిటారు అంచుల మీద తలదాచుకున్నారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. ఆ కబురు చెప్పడానికి పోలీసులు కొండెక్కితే, తమను పట్టుకోవడానికే వస్తున్నారని భయపడి కొందరు పైనుంచి దూకేశారని అక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఇప్పుడు కొండ కింద బీచ్‌లో పర్యాటకులు గాలిపటాలు కట్టుకుని అలల మీద తేలుతుంటారు. అందులో తప్పేం లేదు. కానీ 2008లో యునెస్కో ఆ కొండను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది సముద్రం రంగు చూసి కాదు.

బానిసలు విడుదలైతే చెరకు ఎవరు నరకాలి? తోటల యజమానులకు పట్టుకున్న ఆ బెంగకు బ్రిటిష్ వాళ్లు వెతికిన మందు మన దేశం. 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మందిని తీసుకొచ్చి మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో దింపింది. అక్కడి నుంచి 1920 దాకా దాదాపు అయిదు లక్షల మంది ఆ రేవుకు చేరారు. కొందరిని అక్కడి నుంచే వేరే దీవులకు పంపేశారు. ఒప్పందం అయిదేళ్లు. తొలి రోజుల్లో మగ కూలీకి నెలకు అయిదు రూపాయలు, తిండి గింజలు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. ఇవాళ పచ్చటి చెరకు తోటల మధ్య నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తే ఏ దేవాలయమో అనుకుంటారు చాలామంది. పొలం చదును చేస్తూ చేత్తో ఏరి పోసిన రాళ్లవి.

వలస కూలీలు దిగిన చోటును ఒకప్పుడు కూలీ ఘాట్ అనేవారు, ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్. పదహారు రాతి మెట్లు. మధ్యలోంచి రోడ్డు వేయడంతో కూలీలను దించుకున్న పాత డిపో చాలావరకు పోయింది. మిగిలిన కొద్దిపాటి గోడలనే ఆ దేశం భద్రంగా దాచుకుంది. 2006లో అదీ వారసత్వ స్థలమైంది. నవంబర్ 2, ఫిబ్రవరి 1 రెండూ అక్కడ జాతీయ సెలవులే.

ఇక మన సంగతి. ఆ మెట్లెక్కిన వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. గోదావరి, విశాఖ, గంజాం వైపు నుంచి 1830ల్లోనే వెళ్లారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదే వాళ్లని కోరంగీలు అన్నారు. వాళ్ల మునిమనవలు ఇంట్లో అక్కడి క్రియోల్ భాష మాట్లాడతారు, రాత్రంతా దీపం చుట్టూ రామభజన చేస్తారు, సింహాద్రి అప్పన్నకు పూజ చేస్తారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ అక్కడే. ఇంత బంధుత్వం ఉన్న దేశానికి వెళ్లి బీచ్, షాపింగ్, ఏడు రంగుల మట్టి చూసి తిరిగొచ్చేస్తున్నాం. పోర్ట్ లూయీలో షాపింగ్‌కి పూట కేటాయించే ప్యాకేజీలు ఆ పదహారు మెట్లకు ఒక గంట ఇవ్వలేవా? తప్పు టూర్ ఏజెంట్లదే అనడం లేదు. మారిషస్ అనగానే పేజీ నిండా నీలం సముద్రం వేసిన వాళ్లలో మేమూ ఉన్నాం.

కోరంగి విషయంలో మాత్రం ప్రభుత్వాన్నే అడగాలి. కోరంగి అంటే ఇవాళ మడ అడవులు, చెక్క వంతెన, బోటు షికారు. 1839 తుఫాను ముంచెత్తక ముందు అదొక పెద్ద ఓడరేవని, అక్కడి పేరు పట్టుకునే బర్మాలోనూ మారిషస్‌లోనూ తెలుగువాళ్లని పిలిచారని సెల్ఫీ తీసుకుంటున్న కుర్రవాడికి తెలిసే దారేది? పర్యాటక శాఖ ఈ కథను బోటు టికెట్‌తో పాటే అందించాలి. పెద్ద విగ్రహం, పెద్ద ఖర్చు అక్కర్లేదు.

చేయాల్సిన పని ఒకటుంది. మారిషస్‌లోని మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మాగాంధీ సంస్థలో వలస కూలీల రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు రాసుకున్నారు, కొందరి ఫొటోలతో సహా. అయితే ఆ ఊళ్ల పేర్లు తెలుగు రాని గుమస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసినవి. వాటిని మన రెవెన్యూ గ్రామాల జాబితాతో సరిచూసే పని రాష్ట్ర ప్రాచీన పత్రాల శాఖ, విశ్వవిద్యాలయాలు కలిసి మొదలుపెట్టాలి. ఆ పూర్వీకుల కాగితం జిరాక్స్ పట్టుకుని మారిషస్ నుంచి ఎవరైనా రాజమండ్రి విమానాశ్రయంలో దిగితే, టాక్సీ డ్రైవర్‌కి ఏ ఊరు చెప్పాలో తెలియాలి కదా.